అప్‌డేట్: అమ్మాయిని 48 కిలోలకు దించడం లేదు

బాక్సింగ్‌లో 51 కిలోల విభాగంలో వరుసగా ఓడుతున్న మా పదిహేడేళ్ల అమ్మాయిని 48కి దించవచ్చా అని గత నెల అడిగాను. సలహా ఇచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. దించకూడదని నిర్ణయించుకున్నాం.

కోచ్ గారు మూడు బౌట్ల (పోటీల) వీడియోలను ఆపి ఆపి చూపించినప్పుడు, జాబ్ (ముందు చేత్తో నేరుగా కొట్టే పంచ్) వేసిన ప్రతిసారీ ఆమె ఎడమచేయి గడ్డం దగ్గరికి తిరిగి రాకుండా ఛాతీ కిందికి జారిపోతోందని, ఆ సందులోంచే ఎదుటివారి రైట్ హ్యాండ్ దూరుతోందని నాకే స్పష్టంగా కనిపించింది. బరువు తగ్గితే ఈ లోపం పోదు. చేతి వేగం మాత్రం నిజంగా అపురూపమైనది.

మన నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2022లో 52 కిలోల్లో ప్రపంచ విజేత అయ్యారు. ఆ విభాగం పారిస్ ఒలింపిక్స్‌లో లేనందున 50కి దిగి, 2023లో అక్కడా ప్రపంచ టైటిల్ గెలిచారు. అయినా పారిస్‌లో చైనా బాక్సర్ వూ యూ చేతిలో 5-0తో ఓడాక, తూకం కోసం రెండు రోజులు తిండి మానేశానని చెప్పారు.

బరువు తగ్గడానికి ప్రయత్నించిన నాలుగు రోజుల్లోనే మా అమ్మాయి పెదవులు పగిలి, స్కిప్పింగ్ తాడు పట్టిన చేతులు వణికాయి. అది చూశాక నాకు సందేహం మిగలలేదు. ఇప్పుడు కడుపునిండా తింటూ, రోజూ అద్దం ముందు ఎడమచేతిని వెనక్కి తెచ్చుకోవడమే సాధన చేస్తోంది.