లేవంగనే చెప్పే కృతజ్ఞత పిల్లలకు ఎట్ల నేర్పాలె?

సిరోంచ నుంచి ప్రశ్న:

అందరికీ నమస్తే. మాది గడ్చిరోలి జిల్లా సిరోంచ. సాయంత్రం మా అరుగు మీద 14 మంది పిల్లలకు చదువు చెప్త. బడిల మరాఠీ, ఇంట్ల తెలుగు, ఇద్దరు ముగ్గురు ఇంట్ల గోండి మాట్లాడుతరు.

మా తమ్ముడు ఇజ్రాయెల్‌ల ఒక ముసలాయనను చూసుకునే పనిల ఉన్నడు. ఆ పెద్దాయన కండ్లు తెరవంగనే, మంచం దిగకముందే, హీబ్రూల 12 మాటల ప్రార్థన చెప్తడట. ‘మోదె అని’ అని మొదలైతది. నా ప్రాణాన్ని దయతోని తిరిగిచ్చినవ్, నీకు కృతజ్ఞుణ్ణి అని దాని భావం. అండ్ల మొదటి మాట కృతజ్ఞత, ‘నేను’ అనేది రెండో మాట. ఆ వరుస నా మనసుల నాటుకపోయింది.

‘థాంక్యూ చెప్పు’ అని గద్దిస్తే పిల్లల నోట్లె నుంచి వచ్చే మాట మీద నాకు నమ్మకం లేదు. అందుకే పాత పెండ్లి పత్రికలు కత్తిరించి కన్ను బొమ్మలు చేయించిన. పైన మూసిన రెప్ప, మడత తీస్తే లోపల తెరిచిన కన్ను, దాని పక్కన రాత్రి రాసుకున్న ఒక్క ముచ్చట. లేవంగనే తెరిచి చదువుకోవాలె.

ఇది తునికాకు కాలం. ఎనిమిదేండ్ల పాప ఒకతె ఏం రాయకుండ కార్డు తెచ్చిచ్చింది. “నేను లేచేసరికి అమ్మ అడవికి పోయి ఉంటది టీచర్. ఎవరికి చెప్పాలె?” అన్నది. నాకు జవాబు దొరకలే. ఇంకొకటి, యూదుల ప్రార్థనను మన పిల్లలతోని అనిపించుడు సరైనదేనా?

రాజూరా నుంచి జవాబు:

అక్కా, నేను ఆరేండ్లు టెల్ అవీవ్ దగ్గర ఒక అవ్వను చూసుకొని వచ్చిన. ముందుగాల ఒక్కటి దిద్దుకోండ్రి, ఆడపిల్లలైతే ‘మోదా అని’ అనాలె. ఆ ప్రార్థనల దేవుని పేరు రాదు. అందుకే చేతులు కడుక్కోకముందు కూడ అనొచ్చని అవ్వ చెప్పేది.

ఇది మోషే కాలం నాటిది కాదు. 1599ల అచ్చయిన ఒక రబ్బీ (యూదుల మతగురువు) పుస్తకంల మొదట కనబడ్డది. చివరి మాటలు బైబిల్ విలాపవాక్యాల నుంచి వచ్చినయి. ఒక గురువు కూర్చిన మాటలే కాబట్టి, మీ పిల్లలకు అది ఎవరిదో చెప్పి, వాళ్ల మాటలు వాళ్లనే కూర్చుకోనియ్యండ్రి. హీబ్రూ బట్టీ పట్టించకండ్రి.

అవ్వ పిల్లలు వేరే ఊర్ల ఉండేటోళ్లు. పొద్దున గదిల ఎవ్వరూ లేకున్నా ఆమె పైకే అనేది. పాపకు ఈ సంగతి చెప్పండ్రి.

ధర్మాబాద్ నుంచి జవాబు:

ఠాణేల మా పక్కింటోళ్లు బెనె ఇజ్రాయెల్, మరాఠీ మాట్లాడే యూదులు. మొక్కు తీరితే, పెండ్లి కుదిరితే ‘మలీదా’ పెట్టేటోళ్లు. తడిపిన అటుకులు, చక్కెర, కొబ్బరి తురుము, చుట్టూ పండ్లు. ఎలియా ప్రవక్త పాట పాడి, పండ్ల మీద ఆశీర్వాదం చెప్పి పంచేటోళ్లు. చెట్టు పండుకు ఒక ఆశీర్వాదం, నేల పంటకు వేరే. అరటిపండు నేల లెక్కల పడ్తదని తెలిసి నేను ఆశ్చర్యపోయిన!

మీ దగ్గర మోదుగాకు దొరుకుతది కద. పిల్లలతోని చిన్న దొప్పలు కుట్టించండ్రి, పుల్లలు ముందే మీరు చీల్చియ్యండ్రి. అటుకులు పెట్టి, ఎవరిది చెట్టు పండు, ఎవరిది నేల పండు అని అడగండ్రి. ఒక్కొక్క పండు దగ్గర ఆగి చూసుడు అలవాటైతది. కాగితం కార్డు కంటే నాకు ఇదే ఎక్కువ ఇష్టం.

సిరోంచ నుంచి:

ఇద్దరికీ దండాలు. దొప్పలు ఆదివారం కుట్టినం, సగం చినిగినయి, అయినా అటుకులు ఆగినయి. అరటిపండు మీద పెద్ద కొట్లాటే అయింది.

పాపకు అవ్వ సంగతి చెప్పిన. “గదిల ఎవరూ లేకున్నానా?” అని రెండుసార్లు అడిగింది. ఆ రాత్రి కార్డు రాసి తన దగ్గర పెట్టుకోలే, అమ్మ సద్దిమూటల పెట్టింది. మర్నాడు పొద్దుమూకినంక వాళ్లమ్మ ఆకు కట్టలు అప్పజెప్పి సక్కగ మా అరుగు కాడికే వచ్చింది. ఆమెకు చదువు రాదు. తెలుగు ముచ్చటను పాప మరాఠీ అక్షరాలల్ల రాసింది: “రాత్రి దోమలు కుట్టకుండ నీ కొంగు నాకు కప్పినవ్.”

చదివిన. ఇంకోసారి చదువుమన్నది.