కార్డులో పల్చటి గీత, ఎలీసాలో నెగెటివ్: 33 వారాల గర్భిణికి తర్వాత ఏ పరీక్ష?

మా పీహెచ్‌సీ ల్యాబ్‌లో 33 వారాల గర్భిణికి హెపటైటిస్-బి స్క్రీనింగ్ చేశాం. రెండో కాన్పు. మొదటి కాన్పప్పుడు ఈ పరీక్ష చేసినట్టు ఆమె గర్భిణి కార్డులో ఎక్కడా రాసిలేదు. హెచ్‌బీఎస్‌ఏజీ (హెపటైటిస్-బి వైరస్ పై పొర ప్రొటీన్) ర్యాపిడ్ కార్డు మీద సరిగ్గా 15 నిమిషాలకు టెస్ట్ గీత చాలా పల్చగా కనిపించింది. ఆలస్యంగా చూస్తే ఆరిన మరక గీతలా కనిపిస్తుంది, కానీ ఇది అలాంటిది కాదు. కంట్రోల్ గీత ముదురుగానే ఉంది.

మర్నాడు కొత్తగా రక్తం తీసి, పూర్తిగా గడ్డకట్టాక 3000 ఆర్‌పీఎంలో 10 నిమిషాలు తిప్పి, అదే లాట్ (తయారీ బ్యాచ్) కార్డు వేశాను. మళ్లీ అదే పల్చటి గీత. వేరే కంపెనీ కార్డులో ఏమీ రాలేదు. జిల్లా ఆసుపత్రి ఎలీసాలో (అదే ప్రొటీన్‌ను విలువతో కొలిచే ల్యాబ్ పరీక్ష) నెగెటివ్, కానీ విలువ పాజిటివ్ అనడానికి పెట్టుకునే కటాఫ్‌కి కొద్దిగానే కింద ఉంది. ఆ లాట్‌తోనే మరో ఐదుగురికి వేస్తే శుభ్రంగా నెగెటివ్, కాబట్టి కిట్ పాడైందనీ అనలేను. టీకా వేసుకున్న కొన్ని రోజులు హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్ చూపొచ్చు, కానీ ఈవిడ ఈమధ్య ఏ టీకా వేయించుకోలేదు. కాలేయ ఎంజైమ్ ఏఎల్‌టీ 22, మామూలుగానే ఉంది.

బిడ్డకు 24 గంటల్లోపు టీకా ఎలాగూ పడుతుంది. ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ను అడ్డుకునే యాంటీబాడీల ఇంజెక్షన్) 12 గంటల్లోపు వేయాలంటే మాత్రం ముందే తెప్పించి పెట్టాలి. తల్లి నుంచి బిడ్డకు వైరస్ సోకకుండా ఇచ్చే టెనోఫోవిర్ మాత్ర మొదలుపెట్టే 28 వారాలూ దాటిపోయాయి. అలాగని రుజువు లేకుండా ఆమె కార్డు మీద పాజిటివ్ అని రాయడానికి మనసు ఒప్పడం లేదు.

ఇలాంటి శాంపిల్‌కు మీరైతే ముందు యాంటీ-హెచ్‌బీసీ టోటల్ (వైరస్ ఎప్పుడైనా సోకిందా చెప్పే యాంటీబాడీ పరీక్ష) చేయిస్తారా, నేరుగా హెచ్‌బీవీ డీఎన్‌ఏకి (రక్తంలో వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే పరీక్ష) పంపుతారా?