హాంకాక్ లూప్ డిసెంబర్‌లో చేయొచ్చా? ఏ సీజన్‌లో ఎలా ఉంటుందో చెప్పండి

కొండగాలి (నాషువా)

అందరికీ నమస్కారం. నేనూ మా ఆవిడా పోయిన సెప్టెంబర్‌లో న్యూ హాంప్‌షైర్ వైట్ మౌంటెన్స్‌లో హాంకాక్ కొండలు రెండూ, నార్త్, సౌత్, ఒకే రోజులో లూప్ కొట్టి వచ్చాం. మొత్తం 9.8 మైళ్ళు, మాకు ఏడున్నర గంటలు పట్టింది. మొదట్లో పాత కలప రైలు దారి మీద చదునుగా సాగిపోతుంటే ఇంతేనా అనిపించింది గానీ, నార్త్ శిఖరానికి నిటారుగా ఎక్కే నార్త్ లింక్ దారి మొదలయ్యాక అలిపిరి దారిలో గాలిగోపురం ముందు వచ్చే ఎక్కుడు గుర్తొచ్చింది. అక్కడైనా మెట్లు ఉంటాయి, ఇక్కడ వేర్లూ రాళ్ళూ పట్టుకుని పైకి లాక్కోవడమే. శిఖరాల మీద కూడా చుట్టూ చెట్లే, అయినా ఆ అడవి మా ఇద్దరికీ చాలా నచ్చింది. నాచు, తడి వాసన, ఎక్కడా మనిషి అలికిడి లేదు.

ఇప్పుడు విషయం ఏమిటంటే, మా బావమరిది డాలస్ నుంచి డిసెంబర్ ఆఖరి వారంలో వస్తున్నాడు, మంచులో కొండ ఎక్కాలని ఒకటే పట్టు. మా దగ్గర బూట్లకి తగిలించుకునే ఇనుప ముళ్ళు, మైక్రోస్పైక్స్, ఉన్నాయి, మంచులో దిగబడకుండా కాళ్ళకి కట్టుకునే వెడల్పాటి స్నోషూస్ లేవు. చలికాలంలో ఇప్పటిదాకా ఏ కొండా ఎక్కలేదు, కానీ ఈ దారి ఒకసారి నడిచిందే కదా అని ధైర్యం. వెళ్ళొచ్చా? వద్దంటే మేలో పెట్టుకోమంటారా, మళ్ళీ అక్టోబర్ దాకా ఆగమంటారా? ఒకటికి రెండుసార్లు చేసినవాళ్ళు చెప్పండి.

పెమి బాటసారి

ఈ లూప్ నేను నాలుగు సీజన్లలోనూ చేశాను, అందుకే కాస్త పెద్దగా రాస్తున్నాను. మొదటి మాట, దారి తెలుసన్న ధైర్యం మంచులో సగమే పనికొస్తుంది. సెప్టెంబర్‌లో మీరు చూసుకుంటూ వెళ్ళిన గుర్తులు కొన్ని మంచు కింద ఉంటాయి, మీరు కాలు పెట్టి దాటిన రాళ్ళ మీద గడ్డకట్టిన మంచు ఉంటుంది. సెడార్ బ్రూక్ ట్రెయిల్ మీద ఆ 0.7 మైళ్ళలోనే ఐదుసార్లు వాగు దాటాలి, గుర్తుందా? డిసెంబర్ ఆఖరికి అది పూర్తిగా గడ్డకట్టి ఉండొచ్చు, పైన పల్చటి పొర ఉండి కింద నీళ్ళు పారుతూ ఉండొచ్చు. ఆ రెండో రకం దగ్గరే కాళ్ళు తడుస్తాయి, ఆ చలిలో కాళ్ళు తడిస్తే ఆ రోజుకి ఇక ఇంటికే.

రెండోది వెలుగు. డిసెంబర్ ఆఖర్లో అక్కడ సాయంత్రం నాలుగుంపావుకే సూర్యుడు దిగిపోతాడు, అడవిలో అంతకంటే ముందే మసక. సెప్టెంబర్‌లో మీకు ఏడున్నర గంటలు పట్టిందంటే మంచులో తొమ్మిది వేసుకోండి. అంటే ఉదయం ఏడింటికల్లా నడక మొదలవ్వాలి, నాషువా నుంచి తెల్లవారుజామునే బయల్దేరాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది లూప్ చీలే చోటు. రోడ్డు నుంచి 3.6 మైళ్ళు లోపలికి వెళ్ళాక ఎడమకి నార్త్ లింక్, కుడికి సౌత్ లింక్ వస్తాయి కదా, ఆ చీలిక దగ్గరికి పదిన్నరకల్లా చేరకపోతే అక్కడే టీ తాగి వెనక్కి తిరగండి. ఎందుకంటే నార్త్ లింక్ 0.7 మైళ్ళలో సుమారు 1,100 అడుగులు లేస్తుంది, ఒకసారి పైకెక్కాక దాన్ని దిగాలని ఎవరికీ అనిపించదు, ముందుకే పోతారు. ముందుకంటే రెండు శిఖరాల మధ్య ఇంకో 1.4 మైళ్ళ గట్టు, ఆ తర్వాత సౌత్ లింక్ నిట్టదిగుడు. గట్టు మీద మంచు ఎత్తు పెరిగేకొద్దీ స్ప్రూస్ కొమ్మలు సరిగ్గా మొహానికి తగులుతాయి, బ్యాగ్‌కి పక్కన కట్టిన ప్రతి వస్తువునీ పట్టి లాగుతాయి, అందుకని ఏదీ బయట వేలాడదీయకండి. చాలామంది ఈ చీలికని లెక్కలోకి తీసుకోరు, నార్త్ శిఖరం మీదికెక్కి అప్పుడు టైమ్ చూసుకుంటారు. అప్పటికి ఆలస్యమైపోయి ఉంటుంది.

స్నోషూస్ మాత్రం తప్పనిసరి. స్పైక్స్ గట్టిపడ్డ మంచు మీదే పనికొస్తాయి, కొత్త మంచు పడితే తొడదాకా దిగబడతారు. పైగా మీరు చేసిన గుంతలు రాత్రికి గడ్డకట్టి, మర్నాడు వచ్చేవాళ్ళ చీలమండలు మెలి తిరుగుతాయి, ఇక్కడివాళ్ళకి దాని మీద చాలా కోపం, అది న్యాయమైన కోపమే. అద్దెకు తీసుకునేటప్పుడు మడమ కింద పైకి లేపే కడ్డీ ఉన్నవి అడగండి. ఆ కడ్డీ లేపితే మడమ ఎత్తులో ఉండి పిక్కల మీద భారం తగ్గుతుంది, నార్త్ లింక్ మీద ఆ తేడా తెలుస్తుంది.

ఇంకొకటి. సౌత్ లింక్ మీద జనం కూర్చుని జారుకుంటూ దిగిపోతుంటారు, మీ బావమరిదికి కూడా సరదా పుడుతుంది. స్పైక్స్ విప్పకుండా మాత్రం జారనివ్వకండి. మా గుంపులో ఒకతను అలాగే జారాడు, స్పైక్ మంచులో పట్టేసింది, ఒళ్ళు ముందుకు పోయింది, కాలు అక్కడే ఉండిపోయింది. చీలమండ బెణికి ఆ 3.6 మైళ్ళూ ఇద్దరి భుజాల మీద చేతులేసి నడిచాడు, కారు దగ్గరికి వచ్చేసరికి రాత్రి ఎనిమిది దాటింది. హెడ్‌ల్యాంప్స్ ఉండబట్టి బతికిపోయాం.

సున్నుండ

బాటసారి గారు చెప్పినవి కాక తిండీ నీళ్ళ సంగతి నేను చెబుతాను, ఎందుకంటే మన ఇళ్ళలో కొండకి అనగానే పులిహోర కలిపేస్తాం. ఫిబ్రవరిలో మేం అలాగే డబ్బాలో పట్టుకెళ్ళాం, నార్త్ శిఖరం మీద మూత తీస్తే ముద్ద గట్టిపడి చెంచా దిగలేదు, చేతి తొడుగులు తీసి వేళ్ళతో విడదీయబోతే రెండు నిమిషాల్లో వేళ్ళు తిమ్మిరెక్కాయి. పల్లీపట్టీ కూడా రాయే, పన్ను విరుగుతుంది. మాకు బాగా పనికొచ్చినవి ఖర్జూరాలు, సున్నుండలు, జీడిపప్పు. జాకెట్ లోపలి జేబులో పెట్టుకుని, ఒకచోట కూర్చోకుండా గంటకోసారి నడుస్తూనే తినాలి. కూర్చుంటే చెమట చల్లబడి వణుకు పట్టుకుంటుంది.

నీళ్ళ సీసాలు తలకిందులుగా పెట్టుకోండి, నీళ్ళు పైనుంచి గడ్డకడతాయి కాబట్టి మూత దగ్గర బిగుసుకోదు. గొట్టంతో తాగే సంచీ వద్దు, అరగంటలో గొట్టం మూసుకుపోతుంది. ఒక ఫ్లాస్క్‌లో అల్లం టీ ఉంటే ప్రాణం లేచొస్తుంది. జీన్స్, కాటన్ బనియన్లు ఇంట్లోనే వదిలేయమని మీ బావమరిదికి ఫోన్‌లోనే చెప్పండి, డాలస్ నుంచి వచ్చేవాళ్ళు అవే తెస్తారు. కాటన్ చెమట పట్టి ఆరదు, ఒంటికి చన్నీళ్ళ గుడ్డ చుట్టుకున్నట్టే. ఫోన్ కూడా ఒంటికి ఆనించి పెట్టుకోండి, చలికి బ్యాటరీ ఉన్నట్టుండి చచ్చిపోతుంది, అక్కడ సిగ్నల్ ఎలాగూ ఉండదు కాబట్టి మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

వాగు పక్కన

మే గురించి అడిగారు కాబట్టి. మే మొదట్లో ఊళ్ళో పూలు పూసి ఉంటాయి, కొండ మీద మాత్రం మంచు ఉంటుంది. చలికాలమంతా జనం తొక్కిన మంచు దారి మధ్యలో గట్టిగా మిగిలి, రెండు పక్కలా కరిగిపోయి ఉంటుంది, దాన్ని ఇక్కడ మోనోరైల్ అంటారు. దాని మీద అడుగు తప్పితే మోకాలిదాకా దిగబడతాం, మధ్యాహ్నమయ్యేసరికి అది కూడా మెత్తబడి కుంగిపోతుంది. పైగా కరిగిన నీళ్ళన్నీ ఆ వాగులోకే వస్తాయి. నేను ఒక ఏప్రిల్ ఆఖరున మూడో దాటు దగ్గర నిలబడి, సెప్టెంబర్‌లో నేనే గెంతిన రాళ్ళ కోసం వెతికాను, ఒక్కటీ కనిపించలేదు, తెల్లగా నురగ కక్కుతూ పోతోంది. వెనక్కొచ్చేశాను.

మే మధ్య నుంచి జూన్ దాకా నల్ల ఈగలు. మదర్స్ డే నుంచి ఫాదర్స్ డే వరకు అని ఇక్కడివాళ్ళు లెక్క చెబుతారు. దోమలా చప్పుడు చెయ్యవు, చెవుల వెనకా జుట్టు మొదట్లోనూ కరుస్తాయి, చెయ్యి పెట్టి చూస్తే రక్తం తగులుతుంది. తలకి వల వేసుకుంటే గానీ ఆగలేం.

నన్నడిగితే అక్టోబర్ మొదటి రెండు వారాలే ఈ కొండకి అందం. కింద బిర్చ్‌లూ మేపుల్‌లూ పసుపూ ఎరుపూ, పైకెక్కేకొద్దీ ముదురాకుపచ్చ. నార్త్ మీద రాతి అంచు నుంచి చెట్ల మీదుగా ఓసియోలా కొండ వైపు చూస్తే కింది లోయంతా రంగులే. శని ఆదివారాల్లో హైవే మీద కార్లు బారులు తీరతాయి, పార్కింగ్ ఉదయమే నిండిపోతుంది, వీలైతే పని రోజున సెలవు పెట్టుకోండి. నవంబర్ అయితే ఆరెంజ్ రంగు చొక్కా వేసుకోండి, జింకల వేట సీజన్.

కొండగాలి (నాషువా)

చాలా థాంక్స్ అండీ అందరికీ. చదివాక మా ఆవిడ ఒకటే మాట అంది, ఆ చీలిక దగ్గర టైమ్ చూసి తిరిగొచ్చేద్దామంటే తనూ వస్తానంది, లేకపోతే లేదంది. కాబట్టి ప్లాన్ ఇది. ముందు ఒక ఆదివారం ఊరి పక్క చిన్న గుట్ట మీద స్నోషూస్ వేసుకుని నడుస్తాం. డిసెంబర్ 29న వాతావరణం బాగుంటే హాంకాక్, పదిన్నర దాటితే చీలిక దగ్గర్నుంచే వెనక్కి. మౌంట్ వాషింగ్టన్ అబ్జర్వేటరీ వాళ్ళు పెట్టే పై కొండల ఫోర్‌కాస్ట్ ముందు రోజు రాత్రి చూస్తాను. హైక్ సేఫ్ కార్డ్ గురించి కూడా విన్నాను, అది తీసుకోమంటారా?

పెమి బాటసారి

తీసుకోండి. ఒక్కరికి 25 డాలర్లు, కుటుంబానికి 35. పొరపాటున రెస్క్యూ టీమ్ రావాల్సి వస్తే, ప్రమాదమని తెలిసీ లెక్కచేయకుండా ప్రవర్తించారని తేలితే తప్ప ఆ ఖర్చు మీ మీద పడదు. ఆ డబ్బు రాష్ట్రంలో వెతికి కాపాడేవాళ్ళ నిధికే పోతుంది, కాబట్టి అవసరం రాకపోయినా మంచిదే. కార్డుకి గడువు ఉంటుంది, కొనేటప్పుడు తేదీ చూసుకోండి.

ఇంకొక్క మాట, కారు పైనున్న పార్కింగ్‌లో పెట్టి కిందికి దిగాక, రోడ్డు గట్టిగా వంపు తిరిగే ఆ హెయిర్‌పిన్ మలుపు దగ్గరే రోడ్డు దాటాలి. తెల్లవారుజామున అక్కడ తారు మీద కనపడని మంచు పొర ఉంటుంది, వచ్చే కారు జారిపోతుంది, ఆపలేరు. లైట్లు వెలిగించుకుని ముగ్గురూ ఒకేసారి దాటండి. నా దగ్గర కడ్డీ ఉన్న స్నోషూస్ ఒక జత అదనంగా ఉన్నాయి, మీ బావమరిది షూ సైజు మెసేజ్ పెట్టండి, సరిపోతే 28న నాషువా వచ్చి ఇచ్చి వెళ్తాను.