నెర్ఫ్ బ్లాస్టర్ మీద కెమెరా నిలబెట్టే మౌంటును ఇంట్లోనే చేసుకోవడం ఎలా?

ప్రశ్న (మేడమీది ఆట):
మా అబ్బాయి దగ్గర నెర్ఫ్ స్ట్రైఫ్ (నురుగు బాణాలు పేల్చే బొమ్మ తుపాకీ, వీటినే బ్లాస్టర్ అంటారు) ఉంది. అపార్ట్‌మెంటు మేడ మీద పిల్లలు ఆడుకునేటప్పుడు, నురుగు బాణం ఎటు పోయిందో బ్లాస్టర్ మీది నుంచే కనిపించేలా వీడియో తీయాలని వాడి పట్టుదల. మా యాక్షన్ కెమెరా అడుగున ట్రైపాడ్ మర (బోల్టు ఎక్కే రంధ్రం) ఉంది. ప్రస్తుతానికి రెండువైపులా అంటుకునే టేపుతో నిలబెట్టాము గానీ, వీడియో అంతా నీటిలో నీడలా అలలు తిరుగుతోంది. ఎయిర్‌సాఫ్ట్ తుపాకులకు అమ్మే పికాటిన్నీ క్లాంపు కొంటే సరిపోతుందా, లేక మనమే ఏదైనా తయారు చేసుకోవాలా? త్రీడీ ప్రింటర్ లేదు. డ్రిల్లు, హాక్సా, ఆకురాయి ఉన్నాయి.

సమాధానం (మరచుట్టు):
పికాటిన్నీ క్లాంపు కొనకండి. అది 1995లో అమెరికా సైన్యం ప్రమాణంగా తీసుకున్న రైలు (తుపాకీ మీద పరికరాలు బిగించుకునే గాళ్ల పట్టా) కోసం చేసినది. ఆ రైలులో గాడి వెడల్పు 5.23 మిల్లీమీటర్లు, ఒక గాడి నడిమి నుంచి తర్వాతి గాడి నడిమికి 10.01 మిల్లీమీటర్లు ఉంటుంది. నెర్ఫ్ రైలు ఆ సంస్థ సొంత ఆకారం కాబట్టి ఆ క్లాంపు దాని మీద బిగుతుగా కూర్చోదు. దానికి అచ్చంగా సరిపోయే పాదం (రైలు మీద కూర్చునే అడుగు భాగం) నెర్ఫ్ వాళ్ల స్కోపులకూ టార్చిలకూ ముందే ఉంటుంది గనుక, పిల్లలు విరగ్గొట్టిన పాత స్కోపు ఏదైనా దొరికితే పైభాగాన్ని కోసేసి, ఆ పాదం మీద 3 మిల్లీమీటర్ల అల్యూమినియం పట్టీని రెండు చిన్న స్క్రూలతో బిగించండి. పట్టీ పాదం కంటే కాస్త ముందుకు వచ్చేలా చూసుకుని, ఆ ముందుకు వచ్చిన భాగంలో రంధ్రం చేస్తే కెమెరా బోల్టు కింది నుంచి ఎక్కుతుంది. కిటికీల పని చేసే దుకాణంలో తుక్కుగా పడి ఉన్న ముక్క చాలు.

బోల్టు విషయంలోనే ఎక్కువ జాగ్రత్త అవసరం. ట్రైపాడ్ మర పావు అంగుళం మందం, అంగుళానికి 20 చుట్లు. హార్డ్‌వేర్ దుకాణంలో అడగ్గానే చేతిలో పెట్టే ఎం6 బోల్టు 6 మిల్లీమీటర్లదే అయినా దాని చుట్టుకూ చుట్టుకూ మధ్య దూరం 1 మిల్లీమీటరు. ఇక్కడ కావలసినది 1.27. వదులుగా ఉండటం వల్ల అది లోపలికి పోయినట్టే అనిపించి, బిగించేసరికి కెమెరా మరను కొరికేస్తుంది. పావు అంగుళం విట్‌వర్త్ (అంగుళాల లెక్కలో ఉండే పాత బ్రిటిష్ మర) అని అడగండి. దాని మర కోణం కొద్దిగా వేరైనా చుట్ల లెక్క ఒకటే కనుక, చేత్తో బిగించే చిన్న కెమెరాకు ఇబ్బంది ఉండదు. కెమెరా లోపలికి నాలుగున్నర మిల్లీమీటర్ల కంటే ఎక్కువ పోకుండా వాషర్లు వేయండి. పొడవు మిగిలితే హాక్సాతో కోసి, కొనను ఆకురాయితో నున్నగా చేయండి.

సమాధానం (పాతగేరేజీ):
పై సలహా సరైనదే, కానీ మీరు అడిగిన అలల సంగతి అందులో రాలేదు. స్ట్రైఫ్‌లో బాణాన్ని నెట్టేది స్ప్రింగు కాదు, మోటార్లతో తిరిగే రెండు చక్రాలు. అవి తిరుగుతున్నంతసేపూ బ్లాస్టరు ఒళ్లంతా సన్నగా వణుకుతుంది. కెమెరా సెన్సారు చిత్రాన్ని వరుస తర్వాత వరుసగా చదువుతుంది కాబట్టి, ఆ కొద్ది వ్యవధిలో కెమెరా కదిలితే నిలువు గీతలు వంకర్లు పోతాయి. చాలామంది రబ్బరు ముక్క వేయమంటారు. నా అభిప్రాయం వేరు: మెత్తని రబ్బరు మీద కెమెరా సన్న వణుకు పోగొట్టుకున్నా, పరుగెత్తే పిల్లవాడి చేతిలో పెద్ద ఊపు తెచ్చుకుంటుంది. మౌంటు పొట్టిగా, గట్టిగా ఉండాలి, కెమెరా బరువు రైలుకు వీలైనంత దగ్గరగా పడాలి. మండుటెండలో కెమెరా షట్టరు వేగం పెంచుకుంటుంది గనుక వంకర్లు మరింత స్పష్టంగా కనిపిస్తాయి. సాయంత్రం నీడలో తీసి చూస్తే తేడా మీకే తెలుస్తుంది.

సమాధానం (మరచుట్టు):
రబ్బరు గురించి పూర్తిగా ఒప్పుకోను. సైకిలు ట్యూబు ముక్క ఒక్క పొర, అదీ బోల్టు బిగింపులో నలిగిపోయేంత పలుచగా ఉంటే మేలే చేస్తుంది. మందం పెరిగితే మాత్రం మీరన్నదే నిజం.

కోణం కూడా చూసుకోవాలి. సెకనుకు సుమారు 20 మీటర్ల వేగంతో సమాంతరంగా వెలువడిన బాణం 6 మీటర్లు దాటడానికి 0.3 సెకను పడుతుంది, ఆలోగా 40 సెంటీమీటర్లకు పైగా కిందికి దిగుతుంది. కాబట్టి కెమెరాను కాస్త కిందికి వంచండి. సెకనుకు 30 ఫ్రేములైతే బాణం తొమ్మిది ఫ్రేముల్లోనే కనిపించి మాయమవుతుంది. 120 పెడితే 36 వస్తాయి. ఇరుక్కున్న బాణాన్ని తీసే పైమూతకు పట్టీ అడ్డు రాకుండా ముందే సరిచూసుకోండి. అన్నట్టు, పట్టీ బాగా కుదిరింది కదా అని బ్లాస్టరుకు నల్లరంగు వేయనివ్వకండి. బొమ్మ బొమ్మలా కనిపించడమే మంచిది.

ప్రశ్న (మేడమీది ఆట):
ఇద్దరికీ కృతజ్ఞతలు. పక్కింటివారి దగ్గర విరిగిన స్కోపు దొరికింది. పాదానికి స్క్రూలు వేస్తే ప్లాస్టిక్కు పగులుతుందేమోనని భయంగా ఉంది. ఫెవిక్విక్‌తో అంటిస్తే నిలుస్తుందా?

సమాధానం (పాతగేరేజీ):
నిలవదు. ఆ జిగురు లాగితే ఆగుతుంది గానీ, దెబ్బ తగిలినా మెలి తిరిగినా పెళుసుగా ఊడిపోతుంది. పైగా అది ఆరేటప్పుడు వెలువడే ఆవిరి దగ్గరున్న గాజు మీద తెల్లని పొరగా పేరుకుంటుంది, కనుక లెన్సును ఆ చుట్టుపక్కలకు రానివ్వకండి. స్క్రూ మందం కంటే కొంచెం సన్నని బిట్టుతో ముందు రంధ్రం వేసి, స్క్రూను చేత్తో నెమ్మదిగా తిప్పితే ప్లాస్టిక్కు పగలదు. మొదటిసారి పేల్చి చూసేటప్పుడు కెమెరాకు ఒక దారం కట్టి బ్లాస్టరు పిడికి ముడి వేయండి, పిల్లలందరికీ కళ్లకు దెబ్బ తగలకుండా రక్షణ కళ్లద్దాలు పెట్టండి.