పాత ఇంటి ఇటుక, కలప కొత్త కట్టడంలో వాడొచ్చా?

పటమట_వాసి:
విజయవాడ వన్‌టౌన్‌లో మా మావయ్య ఇల్లు డెవలప్‌మెంటుకి ఇస్తున్నారు. గానుగ సున్నంతో కట్టిన గోడలు, టేకు ద్వారబంధాలు. జేసీబీ పెట్టి రెండు రోజుల్లో నేలమట్టం చేస్తాం, రబ్బిష్ కూడా మేమే తోలించేస్తాం అంటున్నాడు బిల్డరు. ఇటుకలు విప్పించి కాంపౌండు గోడకీ, లోపలి గోడలకీ వాడమని నా మాట. అత్తయ్యేమో పాత సామాను కొత్తింటికి అచ్చిరాదంటోంది. తెలిసినవాళ్లు చెప్పండి.

సైటు_ఇంజినీరు_గుంటూరు:
వద్దండీ. పాత ఇటుక ఒక్కోటి ఒక్కో సైజు. ప్లాస్టరింగ్ మందం పెరిగి, మిగిలిందనుకున్న డబ్బు సిమెంటుకే పోతుంది. విప్పే కూలి, శుభ్రం చేసే కూలి వేరే. అన్నిటికీ మించి ఉప్పు. నేల నుంచి ఉప్పు పీల్చుకున్న అడుగు వరసల ఇటుక తెచ్చి పెడితే కొత్త గోడ రంగు పెచ్చులూడుతుంది. ఇబ్రహీంపట్నం థర్మల్ బూడిదతో చేసే ఇటుక ఉంది, అదీ వ్యర్థాన్ని వాడుకోవడమే కదా. ఇక రబ్బిష్ వృథాగా ఏమీ పోదు. స్థలం మెరక చేసుకునేవాళ్లు డబ్బిచ్చి మరీ తోలించుకుంటారు.

బ్రాడీపేట_ఆర్కిటెక్ట్:
ఉప్పు మాట నిజం. అందుకే నేల నుంచి మూడడుగుల దాకా ఉన్న ఇటుక పక్కన పెట్టేయాలి. పైవాటిని రెండు తీసుకుని తట్టి చూడండి, ఖంగుమనాలి. తూచి, ఒకరోజంతా నీళ్లలో నానబెట్టి మళ్లీ తూచండి. బరువు ఐదో వంతుకు మించి పెరిగితే వద్దు. మామూలు ఇటుకకి భారత ప్రమాణం ఐఎస్ 1077 పెట్టిన హద్దూ అదే.

సున్నం ఇటుక కన్నా మెత్తన. తాపీ అంచుతో తడితే సున్నం ఊడిపోయి ఇటుక నిక్షేపంగా చేతికొస్తుంది. సిమెంటు గోడలో అయితే ముందు ఇటుకే విరుగుతుంది. అంటే మనం ఇప్పుడు కడుతున్న గోడల్ని రేపు ఎవరూ విప్పుకోలేరు. విప్పగలిగినవి కొన్నే మిగిలాయి, వాటినీ జేసీబీకి అప్పగించడానికి నాకు ప్రాణం ఒప్పదు.

మెరకకి పోతే వృథా కాదన్నది మాత్రం ఒప్పుకోను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ఎలా మునిగిందో చూశాం. నీళ్లు నిలిచే పల్లాన్ని పూడిస్తే ఆ నీళ్లు పక్క వీధి ఇళ్లలోకే పోతాయి. తర్వాత ఆ వీధివాళ్లూ ఎత్తు పెంచుకోవాలి. కూల్చిన శిథిలాలు మురుగుకాలవలకు అడ్డం పడేలా పోయకూడదని కేంద్రం 2016 నిబంధనల్లోనే చెప్పింది.

కాంక్రీటు ముక్కలకీ దారి ఉంది. ఎం25 గ్రేడు దాకా ఆర్‌సీసీలో, అంటే చువ్వలు వేసిన కాంక్రీటులో, ముతక కంకరలో 20 శాతం, చువ్వల్లేని కాంక్రీటులో 25 శాతం, పునాది కింద పరిచే బెడ్డు కాంక్రీటులో మొత్తం పాత కాంక్రీటు కంకరే వాడుకోవచ్చని 2016 నాటి ఐఎస్ 383 అనుమతిస్తోంది.

సైటు_ఇంజినీరు_గుంటూరు:
కాగితం మీద సరే. ఆ కంకర ఆడించి, టెస్టు చేసి, ఫలానా నాణ్యత అని రాసిచ్చేదెవరు? హైదరాబాదుకైతే జీడిమెట్లలో ప్లాంటు ఉంది, అక్కణ్నుంచి లారీల్లో తెచ్చుకోవడంలో అర్థం లేదు. స్తంభాల్లో, స్లాబుల్లో పాత కంకర వేస్తామంటే నేను సంతకం పెట్టను. కాంపౌండు గోడ, బెడ్డు, పార్కింగు అంటారా, అభ్యంతరం లేదు.

తెనాలి_వడ్రంగి:
అత్తయ్యగారి మాట తీసిపారేయకండి. సింహద్వారం కొత్తది పెట్టించండి, ఆవిడకి మనశ్శాంతి. మిగతా టేకుతో కిటికీ రెక్కలు, అలమర తలుపులు చేయించుకోండి. ఏళ్ల తరబడి ఆరిన చెక్క కొత్త చెక్కలా వంకర పోదు. చెద ఉందేమో గుచ్చి చూడాలి. మేకులన్నీ పీకాకే రంపానికి పంపాలి, ఒక్కటి మిగిలినా బ్లేడు పళ్లు పోతాయి. ఒక సంగతి: పడగొట్టేవాళ్లు ముందు కన్నేసేది కలప, ఇనుము మీదే. దూలాలు, తలుపులు ఎన్నో మీరే ముందుగా లెక్క రాసుకోండి.

పటమట_వాసి:
అందరికీ థ్యాంక్సండీ. సంతకాలు ఇంకా కాలేదు కాబట్టి కలప మాదేననీ, పైగోడలు మనుషులే విప్పాలనీ అగ్రిమెంటులో రాయించమని మావయ్యకి చెప్పాను. ఆలస్యమైతే కొత్తిల్లు అయ్యేదాకా మాకిచ్చే అద్దె పెరుగుతుందని బిల్డరు గొణుగుతున్నాడు. విప్పడానికి పట్టే రోజులకు అద్దె వద్దని మావయ్య అనేశారు. సున్నం గోడలు విప్పడం తెలిసిన మేస్త్రీ ఎక్కడ దొరుకుతారో చెప్పండి.