నాలుగు అంగుళాలు దాటిన మడత కత్తి: రోజూ జేబులో పెట్టుకునేవాళ్లు చెప్పండి

డాలస్_పొలం
అందరికీ నమస్కారం. డాలస్‌కు ఉత్తరాన పదెకరాలు కొని మూడేళ్లయింది. మేకలు, కంచె, డ్రిప్పు గొట్టాలు, గడ్డి మోపుల తాళ్లు. పొద్దున్నుంచి ఏదో ఒకటి కోస్తూనే ఉంటాను. ఇన్నాళ్లూ మూడున్నర అంగుళాల లోపు చాకుతో నెట్టుకొచ్చాను కానీ దాని పిడి నా అరచేతికి నిండదు, లావు గొట్టానికి బ్లేడు చాలదు. ఇప్పుడు రెండు కత్తుల మధ్య ఆగిపోయాను. ఒకటి నాలుగు అంగుళాల స్పైడర్కో మిలిటరీ 2, రెండోది ఐదున్నర అంగుళాల కోల్డ్ స్టీల్ ఎస్పాడా. అంత పెద్దది రోజంతా ప్యాంటు జేబులో ఉంటే ఇబ్బందా? చెమటకు తుప్పు పడుతుందా? సంక్రాంతికి తెనాలి వెళ్తున్నాను, వెంట తీసుకెళ్లవచ్చా? మరో విషయం. పాత చాకు లాకు, అంటే తెరిచిన బ్లేడు మడుచుకోకుండా పట్టి ఉంచేది, ఎంత గట్టిదో చూద్దామని బ్లేడు వెన్నును (పదును లేని వైపును) కంచె గుంజ మీద కొట్టాను. మూడో దెబ్బకే మడుచుకుపోయింది. కొత్తది రాగానే ముందు ఈ పరీక్షే పెడతాను.

కొలిమి_బాలానగర్
దాన్ని పరీక్ష అనకండి, కత్తిని చెడగొట్టడం అనండి. బాలానగర్‌లో ఇరవై రెండేళ్లు టూల్ రూములో పనిచేశాను, డైల (లోహాన్ని అచ్చుకొట్టే దిమ్మల) కోసం డీ2 అనే పనిముట్ల ఉక్కును గట్టిపరిచే ఫర్నేసు నా చేతిలోనే ఉండేది. ఇక్కడ ఇనుము గురించి నాకన్నా ఎక్కువ తెలిసినవారు ఉన్నారనుకోను. కోసేటప్పుడు బరువు వాదర (పదును అంచు) మీద పడుతుంది, అది బ్లేడును ఇంకా తెరుచుకునే వైపే నెడుతుంది. అప్పుడు లాకు మీద భారమే ఉండదు. వెన్ను మీద దెబ్బ వేస్తే లాకు ఆనే ఆ చిన్న అంచు అణిగిపోయి బ్లేడు వదులవుతుంది. బాగున్న కత్తిని మీరే పాడుచేసి, తర్వాత కత్తి మంచిది కాదంటారు.

నెల్లూరు_న్యూజెర్సీ
లాకు మీద భారమే ఉండదా? నా కుడి చూపుడు వేలు ఈనాటికీ పూర్తిగా ముడుచుకోదు. తడి కొయ్యలో బ్లేడు దిగి ఇరుక్కుంది. బయటికి లాగడానికి అటూ ఇటూ ఆడించాను. ఆ ఆడించడంలో బరువు వెన్ను మీద పడింది, లాకు జారింది, బ్లేడు వేలి మీదకు మూసుకుంది. స్నాయువు తెగింది. శస్త్రచికిత్స, ఆపైన ఐదు నెలల వ్యాయామం. తర్వాత కత్తి విప్పి చూస్తే లాకు గాడిలో ఎండిన మట్టి, జేబులోని నూలు పోగులు గడ్డకట్టి ఉన్నాయి. లాకు సగమే దిగేది, టక్కుమనే శబ్దం మాత్రం రోజూ వినిపించేది. ఆ పొద్దున మెల్లగా రెండు దెబ్బలు కొట్టి చూసుకుని ఉంటే నా వేలు బాగుండేది.

కొలిమి_బాలానగర్
మట్టి తీయకపోవడం మీ పొరపాటు. దానికి లాకును కొట్టడం ఎలా మందవుతుంది? పైగా కొయ్యలో దించి ఆడించడం మడత కత్తికి చెప్పే పని కాదు.

నెల్లూరు_న్యూజెర్సీ
పొరపాటు నాదేనని నాకు తెలుసు, ఆ వేలు నా చేతికే ఉంది. పనిలో ఉన్నప్పుడు ఏది చెప్పే పని, ఏది చెప్పని పని అని ఎవరూ లెక్కవేసుకోరు. ఇరవై రెండేళ్లు డైలు చేసినవారు మడత కత్తితో ఎన్నాళ్లు పని చేశారో కూడా చెబితే బాగుండేది.

ఆస్టిన్_సానరాయి
మీ ఇద్దరి వాదంలోకి రాను. మిలిటరీ 2 కొనేవారు ముందు తెలుసుకోవలసింది పదును సంగతి. అందులో మామూలుగా వచ్చేది సీపీఎం ఎస్30వీ ఉక్కు. దానిలో 14 శాతం క్రోమియం, 4 శాతం వనాడియం. ఆ వనాడియం కార్బైడ్లు (ఉక్కులో వనాడియం, కార్బన్ కలిసిన గట్టి రేణువులు) మామూలు సానరాయిలోని అల్యూమినియం ఆక్సైడ్ కన్నా గట్టివి, కాబట్టి రాయి వాటిని కోయలేక చుట్టూ ఉన్న మెత్తని ఉక్కునే అరగదీస్తుంది. గంటసేపు నూరినా వాదర రాక, కత్తి మంచిది కాదని అమ్మేసినవారిని నలుగురిని చూశాను. వజ్రపు పలక కొనండి, పది నిమిషాల పని. ఒకసారి వచ్చిన పదును గడ్డి తాళ్ల మీద చాలా రోజులు నిలుస్తుంది.

ఆవకాయ_అట్లాంటా
ఇంత ఖరీదైన ఉక్కు ఎందుకో నాకు అర్థం కాదు. నా దగ్గర ఉన్నది ఒపినెల్ 12వ నంబరు, పన్నెండు సెంటీమీటర్ల కార్బన్ ఉక్కు బ్లేడు. ఆ కంపెనీ 1890 నుంచి ఇదే ఆకారంలో చేస్తోంది, తిప్పితే బిగుసుకునే ఉంగరం లాకు 1955లో వచ్చింది. మామూలు రాయి మీద నాలుగు రుద్దులకే పదునెక్కుతుంది. పచ్చి మామిడి కోస్తే బ్లేడు నల్లబడుతుంది, కడిగి తుడిచి చుక్క నూనె రాస్తే చాలు. తడిస్తే చెక్క పిడి ఉబ్బి బ్లేడు బయటికి రాదు. నా ఫిర్యాదు అదొక్కటే.

కొలిమి_బాలానగర్
సరైన డీ2 బ్లేడున్న మడత కత్తి ఉంటే ఆవకాయ కాయలు కూడా కొట్టవచ్చు. టెంక మీద ఆనించి పైనుంచి చెక్కతో ఒక్క దెబ్బ వేస్తే చాలు.

ఆవకాయ_అట్లాంటా
క్షమించండి, కాయలు కొట్టడం తెలిసినవారు అనే మాట కాదిది. టెంక పగిలి ముక్కకు టెంక పెంకు అంటుకుని ఉండాలంటే బరువైన కత్తి, కింద గట్టి చెక్క ఉండాలి. మా అమ్మ ఏటా వంద కాయలు కత్తిపీట మీద కొట్టేది. ఇంతకీ చెక్కతో బ్లేడు వెన్ను మీద కొట్టమంటున్నది మీరే. అదే దెబ్బను డాలస్ గారు గుంజ మీద వేస్తే తప్పన్నారు.

నెల్లూరు_న్యూజెర్సీ
అదే నేనూ అడుగుతున్నాను.

కొలిమి_బాలానగర్
రెండూ ఒకటి కావు. కింద టెంక ఆనిక ఉన్నప్పుడు దెబ్బ బలం వాదరలోంచి టెంకలోకి పోతుంది, లాకులోకి కాదు. కావాలంటే లాకు వదిలేసి కొట్టండి, చాకుతో కట్టెలు చీల్చేవారు చేసేది అదే. పిడిని గట్టిగా పట్టుకోకూడదు, అంతే. ఇది తెలియక నన్ను తప్పుపట్టవద్దు.

హ్యూస్టన్_రావు
లాకు గొడవ ఆపి చట్టం చూడండి. టెక్సాస్‌లో 2017 సెప్టెంబర్ 1 నుంచి పెద్దలు ఏ కత్తినైనా వెంట ఉంచుకోవచ్చు, కానీ బ్లేడు ఐదున్నర అంగుళాలు దాటితే కొన్ని చోట్లకు తీసుకెళ్లకూడదు. బడులు, కోర్టులు, ఆసుపత్రులు ఆ జాబితాలో ఉన్నాయి. ఆ చట్టం వచ్చినప్పుడు ప్రార్థన స్థలాలూ అందులో ఉండేవి, అంటే మన గుడి కూడా. శనివారం పొలం నుంచి నేరుగా గుడికి వెళ్లేవారు మన చుట్టూ ఎందరో ఉన్నారు. ఎస్పాడా సరిగ్గా ఆ గీత మీద ఉంది. పోలీసు కొలిచే చోటూ మీరు కొలిచే చోటూ ఒకటి కాకపోతే మీరు గీత దాటినట్టే. నేనైతే అలాంటి కత్తి జేబులో పెట్టుకోను.

లండన్_లలిత
మీరంతా అదృష్టవంతులు. ఇక్కడ తగిన కారణం లేకుండా వీధిలో ఉంచుకోదగినది మూడంగుళాల లోపు వాదర ఉన్న, లాకు లేని మడత చాకు మాత్రమే. లాకు ఉంటే ఎంత చిన్నదైనా కుదరదు. నాలుగేళ్ల దాకా జైలు పడవచ్చు. తోట పనికి కొన్న కత్తిని కారులో మరచిపోయి, తనిఖీలో దొరికి, మా తమ్ముడు ఒక రాత్రంతా స్టేషన్‌లో కూర్చున్నాడు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. విమానంలో తెచ్చేవారు చేతి సంచిలో పెట్టవద్దు, లగేజీలో వేయండి.

తాటివనం
తెనాలి ప్రశ్నను ఎవరూ పట్టించుకోలేదు. మన ఆయుధాల నియమాల్లో తొమ్మిది అంగుళాల కన్నా పొడవైన, లేదా రెండంగుళాల కన్నా వెడల్పైన బ్లేడున్న కత్తుల ప్రస్తావన ఉంది. ఇంటి పనికి, వ్యవసాయానికి చేసినవాటికి మినహాయింపు ఉంది. ఢిల్లీలో స్ప్రింగు కత్తులకు వేరే ప్రకటన ఉంది, దాన్ని ఇక్కడ కలపవద్దు. మా నాన్న కల్లు గీసే కత్తి నడుముకు కట్టుకుని ముప్పై ఏళ్లు ఊరంతా తిరిగారు, ఒక్కరూ అడగలేదు, ఎందుకంటే భుజాన చెట్టెక్కే మోకు ఉండేది, పని కనిపించేది. నగిషీ పిడి కత్తి జేబుకు తగిలించుకుని మీరు బస్టాండులో నిలబడితే కనిపించేది కత్తి ఒక్కటే. ఊళ్లో కొబ్బరి బొండం కొట్టడానికి ఇంట్లో కత్తి ఉంటుంది. మీది డాలస్‌లోనే ఉంచి రండి.

డాలస్_పొలం
అందరికీ ధన్యవాదాలు. మిలిటరీ 2 తెప్పించాను, వారమైంది. నాలుగు అంగుళాలే కాబట్టి గుడి సంగతి తీరింది. కొలిమి గారి మాట విని వెన్ను మీద కొట్టలేదు. నెల్లూరు గారి మాట విని రోజూ పొద్దున లాకు గాడిలోకి వెలుతురు పెట్టి చూస్తున్నాను, వేళ్లు దూరంగా ఉంచి వెన్నును గోడకు ఆనించి చేత్తో నొక్కుతున్నాను. దీని లాకు వెన్ను వైపు ఉంది, మూసేటప్పుడు వేలు బ్లేడు దారిలోకి రావడం లేదు. జేబు సంగతి ఎవరూ చెప్పలేదు, నేనే చెబుతాను: బరువు తెలియడం లేదు కానీ గరుకు జీ10 (గాజునారతో చేసిన పలక) పిడి నాలుగు రోజుల్లో జేబు అంచును నూలు నూలుగా లాగేసింది. క్లిప్పు కింద ఉన్న భాగాన్ని మాత్రం గరుకు కాగితంతో నున్నగా రుద్దాను, ఇప్పుడు బాగుంది. సానరాయి గారూ, వజ్రపు పలక ఎన్నో నంబరు కొనాలి?

ఆస్టిన్_సానరాయి
400, 1000. వాదర చిట్లితే తప్ప 400 జోలికి పోవద్దు. నొక్కి రుద్దవద్దు, పలక మీది వజ్రాలు ఊడిపోతాయి.

నెల్లూరు_న్యూజెర్సీ
చేత్తో నొక్కి చూడటం మంచి పద్ధతి. నేనూ ఇకపై అలాగే చేస్తాను.