343 ప్రాణాలు: తప్పు రేడియోదా, మనుషులదా?

తంత్రీరహితుడు:
2001 సెప్టెంబర్ 11న వరల్డ్ ట్రేడ్ సెంటర్ జంట టవర్ల మీద ఉగ్రవాద దాడి జరిగినప్పుడు న్యూయార్క్ అగ్నిమాపక శాఖ 343 మందిని పోగొట్టుకుంది. చేతిలో ఉన్న రేడియోలు (మాట్లాడుకునే వైర్‌లెస్ సెట్లు) సరిగా పలికి ఉంటే ఉత్తర టవర్‌లో ఉన్న ఫైర్ సిబ్బందిలో చాలామంది బతికేవారని నా వాదన. దక్షిణ టవర్ 9:59కి కూలింది, ఉత్తర టవర్ 10:28కి. మధ్యలో 29 నిమిషాలున్నాయి. దిగిపొమ్మని ఆదేశం త్వరగానే వెళ్లింది, కానీ అందరి చెవినా పడలేదు. 1993లో అక్కడే బాంబు పేలినప్పుడూ రేడియోలు మొరాయించాయి. ఎనిమిదేళ్లు ఏం చేసినట్టు?

మూడో అంతస్తు:
రిపీటర్ పెట్టారు! చేతి సెట్టుకు బలం తక్కువ, ఇనుమూ కాంక్రీటూ దాటుకుని డెబ్బై అంతస్తులు ఎక్కలేదు. ఆ నీరసపు సంకేతాన్ని పట్టుకుని గట్టిగా తిరిగి పంపేదే రిపీటర్. ఆ రోజు అది పనిచేసింది కూడా. ఉత్తర టవర్ లాబీలో పరీక్షించినప్పుడు రిపీటర్ మీట నొక్కే ఉంది, బల్ల మీది హ్యాండ్‌సెట్‌ను కలిపే రెండో మీట మాత్రం నొక్కలేదు. ఏమీ వినపడకపోయేసరికి పాడైందనుకుని వదిలేశారు. పక్కనున్న దక్షిణ టవర్‌లో ఫైర్ అధికారి, బెటాలియన్ చీఫ్ ఓరియో పామర్ అదే రిపీటర్ ఛానెల్‌లో మాట్లాడుతూ 78వ అంతస్తు దాకా వెళ్లాడు.

తంత్రీరహితుడు:
అయితే నా వైపే సాక్ష్యం చెప్పారు. పొగ, కేకలు, పై నుంచి పడుతున్న మనుషులు. ఆ గందరగోళంలో రెండు మీటలు గుర్తు పెట్టుకోవాలా? తను పనిచేస్తోందో లేదో చెప్పలేని పరికరాన్ని తయారుచేసినవాడిదే తప్పు.

పాత సెట్టు:
తమ్ముడూ, నేను ఉద్యోగంలో చాలా ఏళ్లు వైర్‌లెస్ సెట్టు మోశాను. ఒక ఛానెల్‌లో ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు నోరు కట్టుకోవాలి. ఇద్దరు ఒకేసారి మీట నొక్కితే గరగర తప్ప మాట రాదు. అంతమంది ఒకే చోట చేరితే ఎంత ఖరీదైన సెట్టయినా చేసేది అదే. అసలు సంగతి వేరు. 2004లో ఆ దాడి మీద వేసిన విచారణ సంఘం ఏం తేల్చింది? ఉత్తర టవర్ మరణాలకు రేడియో లోపం ఒక కారణమే గాని ప్రధాన కారణం కాదని. ఆదేశం విని కూడా ఆగినవాళ్లున్నారు. కొందరు తోటివాళ్ల కోసం ఆగారు, కొందరు అలసి కూర్చున్నారు. పక్క టవర్ కూలిందని వాళ్లకు తెలియదు, ఆదేశమిచ్చినవాళ్లకూ తెలియదు. సెలవులో ఉండి పరుగెత్తుకొచ్చిన కొందరికైతే చేతిలో సెట్టే లేదు.

గోదారిగట్టు:
కూలడం పోలీసు హెలికాప్టర్లకు కనిపించింది కదా? ఆ మాట ఫైర్ వాళ్లకు ఎందుకు చేరలేదు? ఇద్దరికీ ఒకే ఛానెల్ ఇస్తే సరిపోయేది.

పాత సెట్టు:
అదే వద్దనేది. రెండు శాఖలూ ఒకే ఛానెల్‌లో పడితే ఇందాక చెప్పిన గరగర రెట్టింపవుతుంది. ఫైర్ కమాండ్ బల్ల పక్కన పోలీసు అధికారి ఒకరు తన సెట్టు పట్టుకుని నిలబడితే చాలు. ‘ఖాళీ చేయండి’ బదులు ‘పక్క టవర్ కూలింది’ అని వెళ్లేది. ఆ రెండో మాట విన్నవాడు మెట్ల మీద కూర్చోడు.

తంత్రీరహితుడు:
విన్నవాళ్ల విషయంలో ఒప్పుకుంటున్నానండీ. అసలు వినపడనివాళ్ల మాటేమిటి? ఆ మీట దగ్గరే ఇంకా ఆగిపోయాను.